మనవాళ్లు చేయని తప్పులు

జూన్ 5, గురువారం

ఇన్‌స్టిట్యూట్ పేరు కింద ఆన్‌లైన్‌లో ఎవరో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి పోయారు. "టీచరమ్మ జర్మనీ మొహం చూసినట్టు లేదు. ఉచ్చారణ అంతా పుస్తకంలోది." అంతే రాశారు. పేరు లేదు. ఫోటో ఉండాల్సిన చోట ఒక కుక్కపిల్ల.

రాఘవేందర్ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఇన్‌స్టిట్యూట్ అతనిది, పాఠం నాది. "పరేషాన్ కాకుండ్రి మేడమ్. ప్యారడైజ్ దిక్కు కొత్తగ జర్మన్ క్లాసులు షురూ చేసిన్రు గదా, వాళ్ల పనే ఇది" అన్నాడు. వాళ్ల బ్యానర్ నేనూ చూశాను. దాని మీద ఒక తెల్లాయన నవ్వుతూ ఉంటాడు.

మా పాంప్లెట్ మీద "జర్మనీలో ఆరేళ్ల అనుభవం" అని వేయించింది రాఘవేందరే. నన్ను అడగలేదు. తీసేయమని ఒకసారి చెబుదామనే అనుకుంటూ వచ్చాను. యూనివర్సిటీలో చదివాను, పై పరీక్షలన్నీ ఇక్కడే రాసి పాసయ్యాను, పన్నెండేళ్లుగా చెబుతున్నాను. ఉచ్చారణ పుస్తకంలోది అయితే మాత్రం ఏమిటి? పుస్తకం తప్పా?

నాకేం భయం లేదు.

జూన్ 9, సోమవారం

కొత్త బ్యాచ్. ఎప్పటిలాగే నర్సులే ఎక్కువ. జర్మనీ ఆసుపత్రుల్లో ఉద్యోగాలున్నాయని ఏజెన్సీలు పంపుతాయి. పొద్దున డ్యూటీ దిగి, కళ్లు ఎర్రగా, యూనిఫాం మీద చున్నీ కప్పుకుని వచ్చేస్తారు. ముందు బెంచీలో హదస్సా అని ఒక పిల్ల, చురుగ్గా ఉంది. పక్కన దేవకృప, ప్రతిదానికీ నవ్వు.

చివరి బెంచీలో ఒక పెద్దావిడ కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. లీలాకుమారి గారట. ఇస్త్రీ చేసిన నేత చీర, మెడలో కళ్లజోడు గొలుసు. జర్మన్ ఎందుకు నేర్చుకుంటున్నారని అందరినీ అడిగినట్టే అడిగాను. చాలాసేపు నన్నే చూసి "ఊరికే" అంది. ఊరికే ఎవరైనా పట్నీ సెంటర్‌లో రెండంతస్తులు ఎక్కి వస్తారా? ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. రికార్డింగ్ ఎర్రచుక్క వెలుగుతోంది.

అక్షరాలు మొదలుపెట్టాను. డబ్ల్యూని "వ" అనాలి, వీని "ఫ" అనాలి, జెడ్‌ని "ట్స" అనాలి. ఇంగ్లీషు అలవాటే మనకి అడ్డం. బోర్డు మీద "నాన్న" అనే మాట రాసి చదవమన్నాను. అందరూ "వాటర్" అన్నారు. దేవకృప నీళ్ల సీసా ఎత్తి చూపించింది, అంతా నవ్వారు. ఆ నవ్వుల్లో వెనక నుంచి మెల్లగా వినిపించింది: "ఫాటర్."

నేనింకా చెప్పలేదు. అటు చూశాను. లీలాకుమారి గారు తల దించుకుని సంచీలో ఏదో వెతుకుతోంది.

జూన్ 11, బుధవారం

ఈరోజు "నేను" అనే మాట. ఆ చివరి శబ్దం మనకి లేదు. "ఇక్ అనకండి, ఇష్ అనకండి. 'హి' అనబోయి, గొంతు పలకకుండా గాలి ఒక్కటే వదలండి" అని చెప్పాను. క్లాసంతా పిల్లులు చీదినట్టు చీదింది. తెలుగులో ఆ అక్షరం లేదు కాబట్టి ఇక్కడ మాత్రం ఇష్ అనే రాసుకుంటాను.

తర్వాత, నెత్తిన రెండు చుక్కలుండే "ఊ". నాలుక "ఈ" దగ్గరే ఉంచి పెదవులు మాత్రం "ఊ"కి చుట్టాలి. హదస్సాకి పావుగంట పట్టింది. లీలాకుమారి గారిని లేపాను. "అలసిపోయాను" అనే మాట చదవమంటే చదివేసింది. నున్నగా, కష్టం లేకుండా. నాకు ఆ శబ్దం రావడానికి ఎన్ని నెలలు అద్దం ముందు నిలబడ్డానో నాకు తెలుసు.

వెంటనే తలుపు చూపించి, ఇప్పుడే చెప్పుకున్నాం, దాన్నేమంటారు అని అడిగాను. తలుపు వంక చూసింది. చెయ్యి అటు చూపించింది. నోరు తెరిచింది, మూసింది. తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

కష్టమైన శబ్దం వచ్చి తేలిక మాట రాకపోవడం ఏమిటి?

జూన్ 12

కుక్కపిల్ల ఫోటోని పెద్దది చేసి చూశాను. వెనక గోడకి తెలుగు క్యాలెండర్ ఉంది.

జూన్ 16, సోమవారం

లింగాల పాఠం అంటే నాకిష్టం. క్లాసు మేలుకుంటుంది. టేబుల్ మగ, డెర్ టిష్. దీపం ఆడ, డీ లాంపె. ఆడపిల్ల మాత్రం ఆడా కాదు మగా కాదు, నపుంసకం. దాస్ మేట్‌షెన్.

"ఆడపిల్లంటే సామానా మేడమ్ వాళ్లకు?" అంది దేవకృప.

"మనకి మాత్రం? బస్సు వచ్చింది అంటాం, అమ్మాయి వచ్చింది అంటాం. అబ్బాయికే కదా వచ్చాడు" అన్నాను.  దేవకృపే "జర్మనోళ్లు నయమే అయితే" అంది. చివర "షెన్" చేరితే ఏ మాటైనా నపుంసకమే, దానికి పిల్ల తప్పేం లేదని రూలు చెప్పాను.

లీలాకుమారి గారి వంతు వచ్చింది. "ఇది ఒక ఆడపిల్ల" అని చదవాలి. పుస్తకంలో ఉన్నది "దాస్ ఇస్ట్ ఐన్ మేట్‌షెన్". ఆవిడ చదివింది: "దెస్ ఇష్ అ మేడ్లె."

దిద్దాను. మళ్లీ అలాగే చదివింది. మళ్లీ దిద్దాను.

ఇంటికొచ్చాక కూడా అదే తిరుగుతోంది బుర్రలో. పన్నెండేళ్లలో మనవాళ్లు ఏ తప్పులు చేస్తారో నాకు కంఠతా వచ్చు. మాట చివర ఒక "ఉ" తగిలిస్తారు, టేబుల్‌ని టిష్షు, పుస్తకాన్ని బూఖు అంటారు. "ట్స"ని "జ" చేస్తారు. ఆవిడ వీటిలో ఒక్కటీ చేయదు. ఆవిడ తప్పులు మనవాళ్ల తప్పులు కావు. ఎక్కడినుంచో వస్తున్నాయి. తప్పులు చేస్తున్నట్టు కనిపించడానికి ఎవరో నేర్పితే ఇలాగే ఉంటాయి.

జూన్ 18, బుధవారం

ఎందుకు నేర్చుకుంటున్నావమ్మా అని రాఘవేందర్ అడిగితే "డాక్టర్" అందట. దేవకృప అడిగితే "పెళ్లి" అందట. నాతో "ఊరికే". ముగ్గురికి మూడు.

"ఎవరావిడ? ఎవరైనా చెప్పి పంపారా?" అని రాఘవేందర్‌ని అడిగాను.

"ఎవరు పంపుతరు మేడమ్. వాళ్ల సారు వచ్చి చేర్పించి పోయిండు. పద్మారావునగర్ల ఉంటరట, బన్సీలాల్‌పేట్ పక్కపొంటే. మంచి మర్యాద మనుషులు. మీకేంది తక్లీఫ్?"

"క్లాసంతా రికార్డు చేస్తోంది."

"చేసుకోనియ్యి. మీ పాఠంల దాచేటిది ఏముంది?"

ఏమీ లేదు. దాచడానికేం లేదు నాకు.

జూన్ 20, శుక్రవారం

క్లాసయ్యాక కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద కళ్లజోళ్ల షాపు ముందు బూడిదరంగు కారు ఆగి ఉంది. ఒక పెద్దాయన దిగి ఆవిడకి తలుపు తీశాడు. కూర్చోగానే ఆవిడ ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. కారు కదల్లేదు.

నా గొంతే వింటున్నాడు.

జూన్ 21, శనివారం

భాస్కర్‌తో చెప్పాను. నా మొగుడికి దేనికీ కంగారుండదు. కాకినాడ నుంచి వచ్చి పాతికేళ్లయినా ఇంకా కాలవగట్టు మీద కూర్చున్నట్టే మాట్లాడతాడు.

"ఏంటే మాధురీ, ఒక ముసలావిడ జర్మన్ నేర్చుకోవాలంటే నిన్ను పట్టించడానికేనా?"

"ముసలావిడ జర్మన్ ఎందుకు నేర్చుకుంటుంది?"

"నువ్వెందుకు నేర్చుకున్నావు?"

నేను కంచాలు తీయడం మొదలుపెట్టాను.

"ఆ పాంప్లెట్ మార్పించెయ్యి. సగం గోల వదిలిపోద్ది" అన్నాడు టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.

దీనికీ పాంప్లెట్‌కీ ఏం సంబంధం లేదని చెప్పాను. యాప్రాల్‌లో ఉండి సికింద్రాబాద్‌లో ఏం జరుగుతోందో ఆయనకేం తెలుస్తుంది.

జూన్ 23, సోమవారం

ద్వితీయా విభక్తి. కుక్క, కుక్కని. మనకి చివర "ని" చేరినట్టు వాళ్లకి ముందున్న ముక్క మారుతుంది. అదీ మగ మాటలకే. డెర్ కాస్తా డెన్ అవుతుంది. ఆడవాటికీ నపుంసకాలకీ ఏమీ కాదు. ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పరు, నాకు తెలుసు.

లీలాకుమారి గారు ఎడమచెయ్యి ఎత్తింది. "రూల్... చెప్పండి."

"చెప్పాను కదండీ."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏముంది? భాష అంతే."

"రూల్" అంది మళ్లీ. మొండిగా. పరీక్ష పెట్టేవాళ్లు అడిగినట్టు ఉంది. మళ్లీ చెప్పాను. రాసుకుంది, ఎడమచేత్తో, ఒక్కో అక్షరం గీసి గీసి, ఒకటో తరగతి పిల్లలా. ఎడమచేతివాటం వాళ్లు ఇంత నిదానంగా రాయరు. చేతిరాత దాచుకునేవాళ్లు రాస్తారు.

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను కల్పించుకున్నది కాదు. ఉన్నట్టుండి వాన వచ్చింది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుని చివరి బెంచీ అంతా తడిసింది. ఆవిడ దిగ్గున లేచి "అఖ్ దు లీబె ట్సైట్" అంది.

అయ్యో రామ అని మనం అంటామే, అలాంటిది. నోటికి వచ్చేసింది. మొదటి పుస్తకంలో ఆ మాట లేదు. నా క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. అది ఇంట్లో విన్నవాళ్లకి, వీధిలో విన్నవాళ్లకి వచ్చే మాట.

జర్మన్ వచ్చిన మనిషి రానట్టు వచ్చి నా వెనక బెంచీలో కూర్చుంటోంది. ఇక అనుమానం లేదు.

జూన్ 25, బుధవారం

అడిగేశాను.

క్లాసు మొదట్లోనే ఆవిడని ముందుకి పిలిచాను. బోర్డు పక్కన నిలబెట్టి మామూలు ప్రశ్నలే జర్మన్‌లో వేశాను. మీ పేరేమిటి? ఎక్కడినుంచి వచ్చారు? ఎక్కడుంటారు? మూడోరోజు పిల్లలు కూడా చెప్పే జవాబులు.

"ఇష్..." అంది. ఆగింది. "ఇష్..."

"చెప్పండి."

పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. చెమట పట్టింది. మూతి కాస్త పక్కకి పోయింది. ఎంత బాగా చేస్తోందో అనుకున్నాను.

"నటించకండి" అన్నాను తెలుగులో. "మొన్న వానొస్తే మీ నోటంట ఏం వచ్చిందో నేను విన్నాను. మీకు జర్మన్ వచ్చు. మీరు చేసేవి నేర్చుకునేవాళ్ల తప్పులు కావు. ఎవరు పంపారు మిమ్మల్ని? నా క్లాసు రికార్డు చేసి ఎవరికిస్తున్నారు?"

ముందు బెంచీలో హదస్సా పెన్ను మూసి పెట్టింది. 

"నేను..." అంది ఆవిడ. తెలుగులో. "నేను... అది... అది..." తెలుగు కూడా ఆగిపోయింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. వెనక్కి వెళ్లి సంచీ తీసుకోబోతే కుడిచేతిలోంచి జారి కింద పడింది. హదస్సా లేచి, నా వంక ఒక్క చూపు చూసి, సంచీ తీసి ఆవిడ భుజం పట్టుకుని కిందికి తీసుకెళ్లింది. పాఠం అయిపోయేదాకా తిరిగి రాలేదు.

నేను పాఠం చెప్పాను. సంఖ్యలు. ఇరవైయొకటిని వాళ్లు ఒకటీ-ఇరవై అంటారు.

జూన్ 26

చేసింది సరైనదే. రాఘవేందర్ కూడా ఏమీ అనలేదు.

జూన్ 27, శుక్రవారం

లీలాకుమారి గారు రాలేదు. దొరికిపోయిన మనిషి ఎందుకొస్తుంది అనుకున్నాను.

అందరూ వెళ్లాక హదస్సా ఆగింది. "మేడమ్, ఒక మాట చెప్పనా, ఏమనుకోరుగా?"

"చెప్పు."

"గామెకు స్ట్రోక్ వచ్చింది మేడమ్. కుడిచెయ్యి పట్టు లేదు, చూస్తలేరా? నవ్వితే మూతి జెర వంకర పోతది. మాట గిట్ల ఆగుడు కూడా దానివల్లనే. నేను న్యూరో వార్డుల చేస్త గదా, రోజూ చూస్త గిట్లాంటి పేషెంట్లను."

"నీకామె చెప్పిందా?"

"చెప్పుడేంది మేడమ్. చూస్తే ఎరుకైతది. మా బెంచీలోళ్లందరికీ ఎరుకే. మీకు సుత ఎరుకే అనుకున్నం. అందుకే గట్టిగ అడుగుతలేరనుకున్నం, మొన్నటిదాక."

నేను కుర్చీలో కూర్చున్నాను. హదస్సా కూడా ఆ ప్యారడైజ్ వాళ్ల మనిషేనేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట కూడా రాసి పెడుతున్నాను.

"మరి జర్మన్? అంత జర్మన్ ఎలా వచ్చు?"

"గది నాకు తెల్వదు మేడమ్. పోయి అడగండ్రి" అంది. గొంతులో మర్యాద ఉంది. దాని కింద ఇంకోటి కూడా ఉంది.

జూన్ 28

అయినా ఆ వాన రోజు మాట అంత గడగడా ఎలా వచ్చింది? మాట పోయిన మనిషికి?

జూన్ 29, ఆదివారం

రాఘవేందర్ దగ్గర అడ్రసు తీసుకుని వెళ్లాను. ఆటో మెట్లబావి సందు దాటి పద్మారావునగర్‌లోకి తిరిగేదాకా, వెనక్కి పొమ్మని చెబుదామనే ఉంది.

తలుపు తీసింది కారు పెద్దాయన. తాతారావు గారట. నా పేరు చెప్పగానే మొహం గట్టిపడింది. అయినా లోపలికి రమ్మన్నారు, మంచినీళ్లిచ్చారు. తణుకు వైపు యాస.

"ఆరోజు కారెక్కి ఇంటికొచ్చేదాకా ఏడ్చిందండీ" అన్నారు. "ఏం జరిగిందో చెప్పలేదు. చెప్పలేదు కాదు, చెప్పలేకపోయింది. ఆ నర్సమ్మాయి చెప్పింది నాకు."

"ముందే ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఆవిడే వద్దంది. చెప్తే అందరూ చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతారండీ. చూస్తున్నాంగా. బంధువులు కూడా గట్టిగా అరిచి చెబుతారు, చెవుడొచ్చినట్టు."

కిందటి దసరాకి స్ట్రోక్ వచ్చిందట. చెయ్యి కొంత తిరిగింది. తెలుగు ముక్కలు ముక్కలుగా తిరిగొస్తోంది. కావాల్సిన మాట దొరక్కపోతే పక్కనున్న మాటేదో వచ్చేస్తుంది. జ్వరం అనబోయి పెళ్లి అంటుందట. అలవాటైన కేకలు, తిట్లు, అయ్యో రామలు మాత్రం వాటంతటవే ఊడిపడతాయట. ఆలోచించి అనబోతేనే ఆగిపోతాయట. నేను నిన్న రాసుకున్న ప్రశ్నకి ఆయన నేను అడక్కుండానే జవాబు చెప్పేశారు.

"జర్మన్?"

"స్టుట్‌గార్ట్ పక్కన చిన్న ఊళ్లో పదకొండేళ్లున్నామండీ, నా ఉద్యోగానికి. నాకు ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోయింది. ఈవిడ ఒక్క పుస్తకం చదవలేదు, ఒక్క క్లాసుకి వెళ్లలేదు. కిందింటావిడ వంటగదిలో కూర్చుని నేర్చేసుకుంది. గూద్రున్ అని. వీళ్లిద్దరూ ఒకటే ప్రాణంలెండి. మేం తిరిగొచ్చేశాక కూడా ప్రతి ఆదివారం ఫోను. పాతికేళ్లు. ఒక్క వారం తప్పలేదు."

కిందింటావిడ వంటగది. దెస్ ఇష్ అ మేడ్లె. అది ఆ ప్రాంతం యాస. పుస్తకాల్లో ఒక పేరాలో ఉంటుంది, నేను చదివి వదిలేసిన పేరా. నేను రెండుసార్లు దిద్దాను దాన్ని.

"ఈవిడకి స్ట్రోక్ వచ్చాక గూద్రున్ ఫోన్ చేస్తే నేనే ఎత్తేవాణ్ణి. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకొచ్చిన జర్మన్‌తో బజారు చెయ్యొచ్చు గాని ఇది చెప్పలేను. ఈవిడేమో రిసీవర్ పట్టుకుని నిలబడిపోయేది. ఒకసారి ఫోన్‌లో యాప్ పెట్టి దానిచేత చెప్పించాను. ముసలివాళ్లని మోసం చేసే ముఠా అనుకున్నట్టుంది, ఏదో కోపంగా అనేసి పెట్టేసింది. సంక్రాంతి నుంచి చెయ్యడం మానేసింది. ఎనభై నాలుగేళ్లు. ఉందో లేదో కూడా తెలీదండీ."

రికార్డింగులు పొద్దునా సాయంత్రం ఆయనే పెట్టి వినిపిస్తారట, ఆవిడకి విన్నది నిలవదు కాబట్టి. కారులో చెవికి పెట్టుకున్నది సరిగ్గా పడిందో లేదో చూడడానికట.

అప్పుడు లోపల్నుంచి ఆవిడ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. క్షమించమనడానికి ఎన్ని మాటలు తెలుసు నాకు, రెండు భాషల్లో. ఒక్కటీ రాలేదు. చేతులు జోడించాను.

ఆవిడ ఎదురుగా కూర్చుంది. కోపం లేదని కాదు. ఒక్కో మాట ఏరుకుంటూ అంది: "ముందు... రూల్ తెలీదు. వచ్చేది. ఇప్పుడు... రాదు. రూల్ ఉంటే... పట్టుకుని..." గాల్లో ఎడమచెయ్యి పైకి జరుపుతూ చూపించింది, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నట్టు.

రేపటి నుంచి పాఠం చెప్పడానికి నేనే వస్తానని చెప్పాను. వద్దనలేదు.

జూలై 2, బుధవారం

పాంప్లెట్‌లో ఆ ఆరేళ్ల లైను తీసేయమని రాఘవేందర్‌తో చెప్పాను.

"గిప్పుడెందుకు మేడమ్? రెండు కట్టలు అట్లనే ఉన్నయ్. ఎవరు సదువుతరు దాన్ని?"

"నేను చదువుతున్నాను."

సరే అన్నాడు. తీస్తాడో లేదో.

లీలాకుమారి గారింట్లో మూడో రోజు. గూద్రున్‌కి ఫోన్‌లో చెప్పడానికి నాలుగు వాక్యాలు. గూద్రున్ గారూ బాగున్నారా. నాకు ఒంట్లో బాగాలేదు. మాట రాదు. మీరు మాట్లాడితే నాకు అర్థమవుతుంది. ఆవిడతో "మీరు" అనిపించబోతే చేత్తో కొట్టిపారేసింది. నువ్వే. అన్నేళ్ల నువ్వు.

జూలై 4

నాలుగు వాక్యాలూ వచ్చాయి. సాయంత్రానికి రెండు పోయాయి.

జూలై 6, ఆదివారం

వాళ్ల ఊళ్లో పొద్దున్న పది దాటేదాకా ఆగాం. తాతారావు గారు నంబరు కలిపి స్పీకర్‌లో పెట్టారు. చాలాసేపు మోగింది. ఆయన నా వంక చూశారు. అప్పుడు ఎవరో ఎత్తారు.

అనుకున్న ప్రకారం ముందు నేను మాట్లాడాను. నమస్కారం, నా పేరు మాధురి, ఇండియా నుంచి లీలాకుమారి గారి తరఫున... ఒక్క తప్పు లేకుండా, పుస్తకంలో ఉన్నట్టే. అవతల గొంతు గరుకుగా, వడిగా ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ ఏదో అంది, ఈసారి ఇంకా కోపంగా. నేను నోరు తెరిచి ఊరుకున్నాను. ఇన్నేళ్లలో ఎవరో ఒకరి ముందు ఇలా జరుగుతుందని భయపడుతూనే ఉన్నాను. జరిగింది.

లీలాకుమారి గారికి అర్థమైంది. "దొంగ... అంటోంది. నిన్ను. పెట్టేస్తా..." అంటూనే ఫోన్ మీదికి వంగింది. మేం నేర్చుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. నోరు ఊరికే కదిలింది. అవతల పెట్టేయబోతున్న చప్పుడు. అప్పుడు ఆవిడ నోట్లోంచి దానంతటదే ఊడిపడింది.

"ఇ బెన్స్."

నేనే. పుస్తకంలో ఇష్ బిన్ ఎస్ అని ఉంటుంది.

 అవతల, వేరే మనిషి గొంతులా, "లీలలె?" అంది గూద్రున్. మేడ్లెలో ఉన్న "లె"యే, ముద్దుకి.

ఆ తర్వాత వరద. గూద్రున్ ఏడుస్తోందో తిడుతోందో తెలియదు. లీలాకుమారి గారు ఫోన్‌ని చూస్తూ తల ఊపుతోంది, నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. అంతా అర్థమవుతోంది ఆవిడకి. నాకు అర్థం కావడం లేదని ఆవిడకి అర్థమైంది. నా వంక ఒకసారి చూసింది. నాకోసం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"కోపం... అనుకుందట. నాకు. చుట్టం... కాదు, మొగుడు. వాళ్లాయన పోయాడు. నేను మాట్లాడలేదు... అని. మర్చిపోయా... అనుకుందట."

ఏం చెప్పమంటారు అని అడిగాను.

"లేదు... అని."

దీనికి మేం ఏమీ తయారు చేసుకోలేదు. ఒక కాగితం ముక్క మీద తెలుగు అక్షరాల్లో రాసి ముందు పెట్టబోయాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. చెప్పు అన్నట్టు తన చెవి చూపించింది. చెవిలోనే చెప్పాను. ఇష్ హాబె డిష్ నిష్ట్ ఫెర్‌గెసెన్. నేను నిన్ను మర్చిపోలేదు. జర్మన్‌లో ఆ మర్చిపోవడం అన్న మాట అన్నిటికన్నా చివర వస్తుంది. అది పడేదాకా నేను నిన్ను ఏదో చేయలేదని మాత్రమే తెలుస్తుంది, ఏం చేయలేదో తెలియదు.

"ఇష్" అంది. ఊపిరి తీసుకుంది. "హాబె. డిష్. నిష్ట్."

ఆగిపోయింది.

నుదురు ముడిపడింది. కళ్లు మూసుకుంది. పెదవుల మీద ఆ మాట మొదటి అక్షరం కనిపిస్తోంది నాకు, కింది పెదవి పంటి కిందికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. నేను అందించబోయాను. ఆవిడ కుడిచెయ్యి, ఆ పట్టు లేని చెయ్యే, లేచి నా మోకాలి మీద పడింది. ఆగు అని. తాతారావు గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఫోన్‌లో కూడా చప్పుడు లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

పెట్టేయలేదు.

"ఫర్‌గెస్స" అంది గూద్రున్, మెల్లగా, చివర "న్" మింగేసి, తన ఊరి పద్ధతిలో.

"యా" అంది లీలాకుమారి గారు. "యా. యా."

ఆ తర్వాత గూద్రున్ చాలాసేపు మాట్లాడింది. ఇప్పుడు నెమ్మదిగా. ఈవిడ వింటూ కూర్చుంది, మధ్యమధ్యలో యా అంటూ, ఒకసారి గట్టిగా నవ్వి. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియలేదు. నేను అడగలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.